కుళాయి దెబ్బతో పుట్టిన పంపు

ఇంగ్లండులోని చెషైర్ ప్రాంతంలో ఔల్టన్ అనే చోట ఒక జమీందారీ బంగళా ఉండేది. దూరంగా ఉన్న ఊట నుంచి పొడవాటి గొట్టం ఒకటి ఆ బంగళా వంటింటికి నీళ్లు తెచ్చేది. వంటింటి కుళాయి ఊట మట్టానికి సుమారు 16 అడుగుల కింద ఉండేది కాబట్టి నీళ్లు దూకుతూ వచ్చేవి. చిక్కల్లా బీరు కాచే కొట్టంతోనే. అక్కడి తొట్టి ఊటంత ఎత్తున ఉంది. నీరు పల్లమెరుగు అన్నారు, దానంతటది ఆ తొట్టిలోకి ఎక్కదు కదా!

జాన్ వైట్‌హర్స్ట్ అనే డర్బీ గడియారాల పనివాడు 1772లో ఈ చిక్కు విప్పాడు. వంటవాళ్లు కుళాయి కట్టిన ప్రతిసారీ గొట్టం 'ధణ్' మనడం మామూలే. పాత ఇళ్లలో మనమూ వింటాం, ప్లంబరుని పిలుస్తాం. వైట్‌హర్స్ట్ ఆ చప్పుడును ఆపే ప్రయత్నం చేయలేదు, దానికి పని అప్పగించాడు. కుళాయికి కాస్త ముందు గొట్టానికి ఒక కొమ్మ తీసి, ఒకవైపే తెరుచుకునే వాల్వు పెట్టాడు. దాని పైన గాలి నిండిన డబ్బా అమర్చి, అక్కడి నుంచి పై తొట్టికి మరో గొట్టం వేశాడు. వంటింట్లో ఎవరైనా బిందె నింపుకొని కుళాయి కట్టగానే, పరుగున వస్తున్న నీటికి దారి మూసుకుపోయి, ఆ విసురుకు కొంత నీరు వాల్వును తోసుకుని డబ్బాలోకి దూరేది. నలిగిన గాలి దాన్ని పైకి నెట్టేది. గిన్నెలు కడుగుతున్న పనివాళ్లకు తాము బీరు కొట్టానికి నీళ్లు తోడుతున్నామన్న సంగతే తెలియనక్కర్లేదు.

ఆ విసురు ఎంతటిది? గూడ్సు బండి ఇంజను ఆగగానే వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ వెనక్కి ఆగుతూ పోతాయి. గొట్టంలోని నీరూ పొర తర్వాత పొర అలాగే నలిగి ఆగుతుంది. ఆ ఒత్తిడి అల ఇనప గొట్టంలో సెకనుకు వెయ్యి మీటర్లకు పైగా వేగంతో వెనక్కి పరిగెడుతుంది. సెకనుకు ఒక్క మీటరు చొప్పున నడిచే నీటిని క్షణంలో ఆపేస్తే పుట్టే ఒత్తిడి, వంద మీటర్లకు మించిన నీటి స్తంభం కింద ఉండే ఒత్తిడితో సమానం. ఈ లెక్కను తేల్చింది రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ, అదీ 1890ల చివర్లో. యంత్రం ముందు పుట్టింది, సూత్రం నూరేళ్లకు పైగా ఆలస్యంగా వచ్చింది.

వైట్‌హర్స్ట్ తాను చేసిన పనిని బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు ఉత్తరంగా రాశాడు. 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రిక దాన్ని అచ్చు వేసింది. అయితే ఇందులో ఒక లోటు ఉంది. ఎవరో ఒకరు కుళాయి తిప్పుతూనే ఉండాలి. వంటిల్లు నిద్రపోతే పంపూ నిద్రపోతుంది.

ఆ చేతి అవసరాన్ని తీసేసినవాడు జోసెఫ్ మోంగోల్ఫియే. 1783లో తమ్ముడితో కలిసి వేడిగాలి బెలూన్ ఎగరేసిన ఆ ఫ్రెంచి కాగితాల తయారీదారే. కాగితం మిల్లుకు ఎప్పుడూ నీళ్లు కావాలి. 1796లో వ్వారోన్‌లోని తన మిల్లు కోసం ఆయన చేసిన మార్పు చూడటానికి చిన్నది. కుళాయి ఉండాల్సిన చోట బరువైన వాల్వు ఒకటి పెట్టాడు. అది తన బరువుకు తానే జారి తెరుచుకుని ఉంటుంది. నీరు దాని పక్క నుంచి బయటికి పోతూ వేగం పుంజుకుంటుంది. వేగం ఒక హద్దు దాటగానే ఆ ప్రవాహమే వాల్వును ఎత్తి 'టక్' మని మూసేస్తుంది. విసురు పుడుతుంది, గాలి డబ్బా కింది ఒకవైపు వాల్వు, అంటే డెలివరీ వాల్వు, తెరుచుకుంటుంది, గాలి డబ్బాలోకి కాస్త నీరు ఎక్కుతుంది. విసురు తగ్గి అల వెనక్కి మళ్లగానే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది, బరువు వాల్వు మళ్లీ కిందికి జారుతుంది. నిమిషానికి నలభై, అరవై, ఒక్కోసారి తొంభై సార్లు ఇదే తంతు. ప్రవాహమే కుళాయి కడుతుంది, ప్రవాహమే విప్పుతుంది. నా దృష్టిలో ఆయన బెలూన్ కంటే ఇదే గొప్ప ఊహ.

సహజంగానే తగాదా రేగింది. ఇది ఇంగ్లీషువాడిదని కొందరన్నారు. ఆలోచన పూర్తిగా తనదేనని, ఎవరూ అందించలేదని మోంగోల్ఫియే గట్టిగా చెప్పుకున్నాడు. 1797లో ఆయన తరఫున ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నది జేమ్స్ వాట్ భాగస్వామి మాథ్యూ బోల్టన్. వైట్‌హర్స్ట్, బోల్టన్ ఇద్దరూ బర్మింగ్‌హామ్ లూనార్ సొసైటీలో సభ్యులు, మిత్రులు! అప్పటికి వైట్‌హర్స్ట్ పోయి తొమ్మిదేళ్లయింది కాబట్టి మొహమాటపడే పని లేకపోయింది.

ఇంకో ముడి మిగిలింది. డబ్బాలోని గాలి కొద్దికొద్దిగా నీటిలో కరిగి పైకి పోతుంది. గాలి అయిపోతే దెబ్బను మింగేది ఉండదు, గొట్టాలు అదిరి పగులుతాయి. జోసెఫ్ కొడుకు పియెర్ ఫ్రాన్స్వా 1816లో దీనికి మందు కనిపెట్టాడు. ఒత్తిడి పడిపోయే ఆ క్షణంలో బయటి గాలిని ఒక గుక్క లోపలికి పీల్చే బుల్లి వాల్వు పెట్టాడు. 'రామ్ పంపు' అని పిలిచే ఈ రకం పంపుల్లో ఈనాడు చాలావాటికి దాని బదులు డెలివరీ వాల్వుకు కాస్త కింద సూదిబెజ్జం లాంటి రంధ్రం ఉంటుంది. ప్రతి దెబ్బకూ అందులోంచి ఒక చుక్క చిమ్ముతుంది, ఆ వెంటనే ఒక బుడగ లోపలికి పోతుంది. లీకు అనుకుని ఎం-సీల్ రాసేయకండి. పంపు ప్రాణం అందులోనే ఉంది.

ఈ పంపు బాగోగులు చూసేవాడికి చెవి ఉంటే చాలు. మోత మారి గట్టిగా, పొడిగా కొడుతుంటే డబ్బాలో గాలి పోయినట్టు. పంపు ఆపి, డబ్బాలో నీరు వదిలి, ఆ రంధ్రాన్ని సన్నని తీగతో పొడవాలి. బరువు వాల్వు తెరుచుకునే ఆగిపోతే వచ్చే నీరు చాలడం లేదన్నమాట. ముందుగా పైన, నీరు గొట్టంలోకి దిగే చోట జల్లెడకు పట్టిన ఆకులు తీసి చూడండి. టక్కు టక్కుమంటున్నా పై తొట్టికి నీరు తగ్గితే డెలివరీ వాల్వు రబ్బరు అరిగి ఉంటుంది, లేదా దాని కింద ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటుంది. రోజుకు వేల దెబ్బలు తింటుంది కనుక బోల్టులు వదులవుతాయి, అప్పుడప్పుడు బిగించాలి. నీరు దిగే గొట్టం మాత్రం జీఐ పైపే వేయాలి. మెత్తని పైపు వేస్తే దెబ్బను అదే మింగేస్తుంది. పంపు కొత్తగా నడపాలంటే బరువు వాల్వును చేత్తో ఇరవై ముప్పై సార్లు నొక్కి వదలాలి. పై గొట్టంలో నీరు నిండాక అదే అందుకుంటుంది.

కరెంటు మోటార్లు రాగానే దీన్ని అందరూ మరిచారు కానీ కొండలు మరవలేదు. ఉత్తరాఖండ్ చిన్ననీటి పారుదల శాఖ తన పనుల్లో 'హైడ్రమ్' పేరుతో వీటిని కట్టించింది. ఫిలిప్పీన్స్‌లోని నెగ్రోస్ దీవిలో ఏఐడీఎఫ్ఐ అనే సంస్థ మామూలు తలుపు బందులతో, రబ్బరుతో వాల్వులు చేసి కొండ ఊళ్లకు నీళ్లెక్కించి 2007లో ఆష్డెన్ అవార్డు తెచ్చుకుంది.

కోనసీమలో దీనికి పని లేదు, అక్కడ నీళ్లున్నా వాలు లేదు. పాడేరు, మారేడుమిల్లి వైపు ఏడాదంతా పారే వాగు పక్కన పొలమున్నవాళ్లు మాత్రం మోటారు కొనేముందు రెండు కొలతలు తీసుకోండి. నిమిషానికి ఎన్ని లీటర్లు పారుతోంది, వాగులో ఎంత ఎత్తు నుంచి దించగలం. 60 లీటర్లు, 2 మీటర్ల వాలు ఉంటే, అందులో సుమారు మూడున్నర లీటర్లు 20 మీటర్ల ఎత్తుకు ఎక్కుతాయి, మిగతాది వాగులోకే తిరిగి పోతుంది. మూడున్నరేనా అని తీసిపారేయకండి. రాత్రీ పగలూ ఆగదు కాబట్టి రోజుకు అయిదు వేల లీటర్లు, కరెంటు బిల్లు లేకుండా.