ప్రత్తి వ్యాజ్యము

చిట్యాల పరిసరపు చెలకలలో పండిన ప్రత్తి జిన్నింగు మిల్లుకు చేరునప్పటికి దాని ధర చాలవరకు మఱియొకచోట నిర్ణయమై యుండును. ఆ చోటు ఢిల్లీ కావచ్చును, వాషింగ్టను కావచ్చును. దేశముల నడుమ వర్తక వివాదములు రాయబారుల వాదములని మనము తలంతుము. ఆ రాయబారులను నడిపించునది ఆయా దేశముల యింటి రాజకీయమే యని మా అభిప్రాయము.

2002 సెప్టెంబరులో బ్రెజిలు ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికాపై ఫిర్యాదు చేసెను. అమెరికా తన ప్రత్తి రైతులకిచ్చు సబ్సిడీల వలన ప్రపంచమంతట ధర పడిపోవుచున్నదని దాని వాదము. 2004లో విచారణ మండలియు, 2005 మార్చిలో అప్పీలు మండలియు చాలవరకు బ్రెజిలు పక్షముననే తీర్పు చెప్పినవి. మఱి సబ్సిడీలు ఆగవలదా? చిక్కంతయు ఇచ్చటనే యున్నది. అవి కాంగ్రెసు చేసిన వ్యవసాయ చట్టములోనివి. అధ్యక్షుడు తలచినంత మాత్రమున తొలగునవి కావు. ఆ చట్టము కొన్నేండ్లకొకసారి గాని తిరుగ వ్రాయబడదు. సెనేటులో జనసంఖ్యతో నిమిత్తము లేక ప్రతి రాష్ట్రమునకు రెండేసి స్థానములు. వ్యవసాయ సంఘములలో ప్రత్తి పండించు దక్షిణ రాష్ట్రములవారికి పలుకుబడి మెండు. 2006లో ఒక పథకము రద్దయ్యెను, ముఖ్యమైనవి నిలిచినవి. 2009లో బ్రెజిలుకు ప్రతీకార చర్యల పరిమితి నిర్ణయమైనది. అంతట అమెరికా ఏమి చేసెను? చట్టమును మార్చలేక, బ్రెజిలు ప్రత్తి రంగమునకే ఏటా 14 కోట్ల 73 లక్షల డాలర్లు చెల్లించుటకు 2010లో ఒప్పుకొనెను! తన రైతుకిచ్చునది మానలేక పరాయి రైతుకును ఇచ్చుట యన్నమాట. క్రొత్త వ్యవసాయ చట్టము వచ్చిన 2014లో, మఱి 30 కోట్ల డాలర్లతో తగవు తీరెను.

మన పద్ధతి వేఱు. ఇచ్చట ప్రభుత్వ ప్రకటన చాలును. 2012 మార్చి 5న ప్రత్తి ఎగుమతి నిషేధింపబడెను. సంకీర్ణ ప్రభుత్వములోని వ్యవసాయ మంత్రి శరద్ పవారే ఆక్షేపించెను. గుజరాతు, మహారాష్ట్రలలో అలజడి రేగెను. వారము దినములకే నిషేధము సడలెను.

2025 ఆగస్టులో అమెరికా మన సరకులలో పెక్కింటిపై సుంకమును 50 శాతమునకు పెంచెను. ఆ నెల 19 నుండియే మన ప్రభుత్వము బట్టల మిల్లులకు ఊరటగా ప్రత్తి దిగుమతిపై 11 శాతపు సుంకమును ఎత్తివేసి, పిదప ఆ మినహాయింపును డిసెంబరు 31 వరకు పొడిగించెను. పార్లమెంటు ఓటుతో పనిలేదు. 1962 నాటి కస్టమ్సు చట్టము ఆ అధికారమిచ్చినది. ఆ మాసములే మన యొద్ద ప్రత్తి యేరు కాలము. పొడుగు పింజ ప్రత్తికి ఆ యేటి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 12 శాతము మించినచో భారత ప్రత్తి సంస్థ కేంద్రమున ఆ సరకు కొనరు.