తగ్గాల్సిన లెక్క పెరిగింది

మన లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని కాక్లియా ఉంటుంది. ఒక్కో చెవిలో సుమారు 15,000 రోమకణాలు శబ్దాన్ని పట్టి నరానికి అందిస్తుంటాయి. పెద్ద మోతలకీ, వయసుకీ, కొన్ని మందులకీ అవి చచ్చిపోతాయి. పోయినవి మళ్ళీ పుట్టవు. సొరచేపల్లో జీవితాంతం కొత్తవి పుడుతూనే ఉంటాయని జెఫ్రీ కార్విన్ అనే శాస్త్రవేత్త 1981లో చూపించాడు గానీ, అది చేపల సంగతిలే అనుకున్నారు. పక్షులకూ, మనుషులకూ ఆ భాగ్యం లేదనే అందరి నమ్మకం.

అమెరికాలో ఎడ్విన్ రూబెల్ అనే పరిశోధకుడి దగ్గర రౌల్ క్రూజ్ అనే యువ వైద్యుడికి ఒక చిన్న పని పడింది. జెంటామైసిన్ సూదిమందు చెవిని పాడుచేస్తుందని తెలుసు. మందు ఆపేశాక కూడా ఆ నష్టం ఎన్నాళ్ళు సాగుతుంది? కోడిపిల్లలకు మందిచ్చి, కొన్నిటి చెవులను వెంటనే, కొన్నిటివి ఆలస్యంగా పరీక్షించి, మైక్రోస్కోపు కింద రోమకణాలు లెక్కపెట్టాలి. విసుగు పుట్టించే పనే. రోజులు గడిచేకొద్దీ లెక్క తగ్గాలి. కానీ ఆలస్యంగా చూసిన పిల్లల్లోనే కణాలు ఎక్కువున్నాయి! లెక్క తప్పి ఉంటావు, మళ్ళీ చూడమన్నాడు రూబెల్. ఏ గురువైనా అదే అంటాడు. మళ్ళీ చూసినా అంతే.

అదే కాలంలో డగ్లస్ కొటాంచీ అనే మరో పరిశోధకుడు పెద్ద మోతతో కోడిపిల్లల చెవులు దెబ్బతీసి చూస్తున్నాడు. గాయపడ్డ చోట, గుడ్డులోని పిండానికి ఉండేలాంటి లేత రోమాలు కొన్నాళ్ళకే కనిపించాయి. దెబ్బతిన్న కణాలే కోలుకున్నాయా, కొత్తవి పుట్టాయా? తేల్చడానికి, విభజన చెందే కణాల్లోకి మాత్రమే చేరే రేడియోధార్మిక గుర్తును వాడారు. కొటాంచీ, కార్విన్ కోడిపిల్లల్లోనూ, బ్రెండా రయల్స్, రూబెల్ పెద్ద కౌజుపిట్టల్లోనూ చూశారు. రోమకణాల్లో ఆ గుర్తు దొరికింది. అవి కొత్తవే! 1988లో రెండు పరిశోధనలూ ‘సైన్స్’ పత్రికలో ఒకేసారి వచ్చాయి.

పక్కనుండే ఆధారకణాలే ఈ కొత్త రోమకణాలను పుట్టిస్తున్నాయని తరవాత తేలింది. అవి మనకూ ఉన్నాయి. ఆ పని మాత్రం చెయ్యవు. వాటిని కదిలించడానికి పాతికేళ్ళు పట్టింది. 2013లో బోస్టన్‌లో ఆల్బర్ట్ ఎడ్జ్ బృందం మోతకు చెవుడు వచ్చిన ఎలుకలకు ఒక మందిచ్చి, కాసిని కొత్త కణాలనూ, కాస్త వినికిడినీ తిరిగి తెచ్చింది. ఇలాంటి ఆశతోనే మనుషుల మీద పరీక్షించిన మరో మందు 2023లో ఉత్తుత్తి మందును మించలేకపోయింది. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల ఆధారకణాలకు కొద్దిరోజుల పాటు రోమకణాలను పుట్టించే శక్తి ఉంటుంది, ఆ తరవాత అణిగిపోతుంది. దాన్ని అణిచిపెడుతున్న జన్యువుల కోసమే ఇప్పటి వెతుకులాట.