ఎవల మొఖం జూసి లేసిన్నో

మంటకు జర దగ్గరికి జరుగు కొడుకా. కందికట్టె బిరబిర మండి బిరబిర ఆరిపోతది. గా మక్క బెండ్లు నాలుగు ఎయ్యి, నిమ్మలంగ కాగుతది. పుష్యమాసం చలి మన రావల్కోల్ల ఎన్నడూ గింతే. పొలాల దిక్కుకెల్లి గాలి కొడితే ఎముకలల్లకు పోతది.

నువ్వు ఇంట్లకు వొచ్చినప్పటిసంది జూస్తున్న. బండి పంచరైంది, కంపెనీల పంచు కొట్టే యాళ్ల దాటిపోయింది, సగం దినం జీతం కోసిర్రు, ఆఖరుకు చేతిల సీసాల ట్రే జారి పడ్డది. గిన్ని జెప్పి చివరికి ఒక మాటన్నవ్. "ఇయ్యాల పొద్దుగాల ఎవల మొఖం జూసి లేసిన్నో" అన్నవ్. అన్నంక నా దిక్కు జూసి తల దించుకున్నవ్. తలుపు తీసి నీకు చాయ ఇచ్చింది నేనే గద బిడ్డా. నాకేం కోపం లేదు. గదే మాట నేను కూడ ఒకామెను అన్న. ఇన్నేండ్లు ఎవలకు జెప్పలే, ఇయ్యాల నీకు జెప్త, ఇను.

మీ నాయిన మూడో తరగతి సదివేటప్పటి ముచ్చట. గప్పుడు మేడ్చల్, శామీర్‌పేట దిక్కు యాడ జూసినా అంగూర్ తోటలే. నల్లటి రాతి కడీలు పాతి, మీద జీఐ తీగ అల్లి, పందిరేస్తుండిరి. మన దొడ్డి తలుపుకు నిలవెట్టిన కడీ గట్లాంటి తోటలదే. అనాబ్‌షాహి అని ఒక జాత ఉండె, పెద్ద పెద్ద గుత్తులు, తేనె రంగు తిరిగిన పచ్చ. గింజ లేని థాంసన్ తర్వాత వొచ్చింది. పండ్లు పట్నం పోతుండె. ముందుగాల మొజంజాహి మార్కెట్, నిజాం రాజు 1935ల కొడుకు పేరు మీద కట్టిపిచ్చింది. తర్వాత కొత్తపేట మార్కెట్.

అంగూర్ పంటంటే పసిపోరన్ని సాదినట్టే. ఏడాదికి రెండు మాట్ల కొమ్మలు కత్తిరియ్యాలె, ఏప్రిల్‌ల ఒకపారి, అక్టోబర్‌ల ఒకపారి. అక్టోబర్ కత్తిరింపు మీదనే కాయ పడుతది. నూరు లీటర్ల నీళ్లకు కిలో మైలతుత్తం, కిలో సున్నం కలిపి బూజు తెగులుకు కొడుతుండిరి. గుత్తి దిగినంక మా ఆడోళ్ల పని. సన్న కత్తెరతోని నడుమ నడుమ కాయలు తీసేస్తే తక్కినయి లావు పెరుగుతయ్. మెడ మీదికెత్తి, చేతులు పైకి పెట్టి, పొద్దు గూకేదాక గదే పని. రాత్రి అన్నం ముద్ద నోటికాడికి పోకుంటుండె, భుజాలు గంత గుంజుతుండె.

నేను ఇరవై మంది ఆడోళ్ల గుంపుకు మేస్త్రిని. ఎవలు ఏ వరుసకు పోవాలె, ఏ దినం పనికి దిగాలె, నేను జెప్పిందే. మా ఇంటెనక ఒక వదినె ఉండె. సిన్న వయసులనే మొగడు పోయిండు, ఇద్దరు పిల్లలు. ఆమె కత్తెర పట్టిందంటే గుత్తికి గీత వడేది కాదు. గంత మంచి చెయ్యి గుంపుల ఇంకొకలది లేకుండె.

శివరాత్రి పోయింది, ఉగాది ఇంకా రాలే. కాయ పక్వానికొచ్చింది. సోమారం మాపటికి తోట ఆసామి వొచ్చి, "రేపు లారీ వొస్తది అక్కా, కోత మొదలు వెట్టుర్రి" అన్నడు. రేపంటే మంగళారం. "మంగళారం నాడు మొదటి కోత ఎట్ల వెడ్తమయ్యా, మంచిది గాదు, బుధారం పొద్దుగాల దిగుతం" అని నేనే అన్న. ఆయినె కొద్దిగ నసిగిండు గని నా మాట తీసెయ్యలే. గీ ముక్క యాదివెట్టుకో బిడ్డా, ముచ్చటంతా గీడనే ఉన్నది.

మంగళారం ఎండ ఫెళ్లున కాసింది. ఆకు కూడ కదలలే. బుధారం ఇంకా తెల్లారక ముందే గుంపును తోల్కొని బయలెల్లిన. గల్లి మూల మీద వదినె సద్ది మూటతోని ఎదురొచ్చింది. నా పానం జివ్వుమన్నది. గప్పటి రోజులల్ల మొగడు లేని ఆడిది ఎదురొస్తే మొగోళ్లు ఎనకకు మర్లి, ఇంట్ల నీళ్లు తాగి మల్ల ఎల్తుండిరి. నేను మర్లలే గని, మనసుల ముల్లు గుచ్చుకున్నది.

పగటీలి బువ్వ తినేదాక అంతా మంచిగనే ఉండె. మూడు వరుసలు తెగినయ్. గప్పుడు పడమటి దిక్కు మబ్బు ఎక్కింది, కాటిక రంగు. గాలి లేసింది. మేమంతా బోరు కాడి అర్రలకు ఉరికినం. మొదట కుంకుడుకాయంత రాయి, తర్వాత నిమ్మకాయంత. రేకుల మీద ఆ సప్పుడుకు ఒకల మాట ఒకలకు ఇనవడలే. పావు గంట, గంతే. బయటికొస్తే నేలంత తెల్లగ, పందిరి మీద ఆకు లేదు. గుత్తులు పలిగి రసం కారుతున్నది, తోటంత తియ్యటి వాసన. ఆసామి కడీని పట్టుకొని నిలవడ్డడు, నోట్లకెల్లి మాట రాలే.

అందరు నా దిక్కు జూస్తున్నరు. ఒక దినం ఆపింది నేనేనని నాకు ఎరుక. మంగళారం కోసి ఉంటే సగం తోటన్న లారీకి ఎక్కేది. గా మాట నోటికి రాకముందే నేను వదినె దిక్కు తిరిగిన. "పొద్దుగాల్లనే నీ మొఖం ఎదురైంది, గప్పుడే అనుకున్న" అన్న. ఇరవై మంది ముందట అన్న బిడ్డా.

ఆమె ఏమనలే. కత్తెర తెచ్చి నా కాళ్లకాడ వెట్టి, పిల్లల కోసం తీసుకున్న రెండు పలిగిన గుత్తులు కూడ గంపలనే ఇడిసి పోయింది. తెల్లారి నుంచి పనికి రాలే. ఆసామి పంట పోయిందని ఊరంత బాధపడ్డది. ఆమెకు ఇరవై దినాల కూలి పోయిందని ఎవలు లెక్కవెట్టలే, నేను కూడ లెక్కవెట్టలే.

రాళ్లవాన ఎట్ల వడుతదో సదువుకున్నోళ్లు జెప్పంగ తర్వాత ఇన్న. ఎండకాలం మొదట్ల నేల కాగి ఎచ్చటి గాలి మీదికి లేస్తది. సముద్రం దిక్కుకెల్లి వొచ్చిన తడి గాలి దాంట్ల కలిస్తే మబ్బు కొండలెక్క పెరుగుతది. గా ఎత్తుల సలికి నీటి బొట్టు గడ్డ గడుతది. గాలి దాన్ని కిందికి రానియ్యక మల్ల మల్ల మీదికి తోస్తది. పొర మీద పొర గట్టి, బరువు ఆగలేక రాలుతది. గంత మీద జరిగిన పనికి, సద్ది మూటతోని గల్లిల నడిచిన ఆడిమనిషికి ఏం సంబంధం? గా దినం ఎన్ని తోటలు పోయినయో. గా ఆసాములందరు మా వదినె మొఖమే జూసి లేసిర్రా?

మీ తాత పోయినంక నాకు తెలిసొచ్చింది. దినాలు అయిపోయిన తెల్లారి పనికి పోదామని తలుపు కాడికి వొచ్చిన. బయట గుంపు నడిచే సప్పుడు. నా చెయ్యి గొళ్లెం మీదనే ఆగింది. వాళ్లంత దాటిపోయేదాక తలుపెనక నిలవడ్డ. నాకు ఎవలు జెప్పలే, నాకు నేనే నిలవడ్డ. వదినె ఇన్నేండ్లు గిట్లనే నిలవడ్డదని గప్పుడు సమజయింది.

గా మాపు ఆమె ఇంటికి పోయిన. తప్పయిందన్న. ఆమె నా చెయ్యి పట్టుకొని, "రేపు పొద్దుగాల్ల నువ్వే నన్ను లేపు. నీ మొఖం జూసే నేను పనికి పోత" అన్నది. తెల్లారి ఇద్దరం కలిసి నడు గల్లిల నడిచినం. ఆమె పోయేదాక గట్లనే నడిచినం.

మీ నాయిన బడి పుస్తకంల సదివి నాకు ఇనిపిచ్చిండు. మొగడు పోయిన ఆడోళ్లు మల్ల పెండ్లి చేసుకునేతందుకు 1856లనే చట్టమొచ్చిందట. వీరేశలింగం పంతులు 1881ల రాజమండ్రిల గసొంటి పెండ్లి జేపిచ్చిండట. చట్టం పెండ్లికి వొచ్చింది గని, పొద్దుగాల గల్లిల ఎదురొచ్చేతందుకు ఏ చట్టం రాలే. గది మనమే మన నోటికి వెట్టుకోవాలె.

ఇప్పుడు తోటలు లెవ్వు. బోర్లు ఎండినయ్, భూమి రేటు పెరిగింది, నూటయాభై ఎనిమిది కిలోమీటర్ల రింగు రోడ్డు మేడ్చల్, శామీర్‌పేట పక్కకెల్లి పోయింది, కడీలున్న కాడ ప్లాట్లయినయ్. 2016ల మేడ్చలే జిల్లా అయింది. గిన్ని మారినయ్ గని, గా ఒక్క మాట నీ నోట్ల ఇయ్యాల కూడ ఇనవడ్డది.

నీ దినం సంగతి సక్కగ జూసుకో బిడ్డా. తొవ్వల మొల గుచ్చుకున్నది నీ చేతులది గాదు, దానికి ఎవలనూ తిట్టకు. టైరు అరిగిందని నెల నుంచి అంటున్నవ్, మార్పియ్యలే, గది నీ చేతులది. ఆలస్యమైందని ఉరుకులాడితే ట్రే జారింది, గదీ నీ చేతులదే. నీది నువ్వు ఒప్పుకో, నీది కానిది ఇడిసిపెట్టు. రెండిట్ల ఏదీ ఒకల మొఖానికి పుయ్యకు.

మంట ఆరుతున్నది, పో పండు. రేపు పొద్దుగాల తలుపు నేనే తీస్త. నా మొఖం జూసే పనికి పో.