పదిహేనుమంది లెక్క: హోసూరు పక్క హైస్కూలు తెలుగు

మాది హోసూరు తాలూకా. నేను పుట్టినప్పుడు అది సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా అయింది, 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. మా ఇల్లు మాత్రం ఉన్న తావులోనే ఉండాది. ఇంట్లో మాట్లాడే తెలుగు కూడా పెద్దగా మారలేదు. ‘మాట ఉండాది సరే, రాత ఎట్ల పోయె?’ అని మన పిల్లోళ్ళు అడుగుతుంటారు. నాకు తెలిసినంతలో రాత పోయింది హైస్కూలు వాకిట్లో.

దీనికి ఒక లెక్క ఉంది. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో 350-ఎ అనే అధికరణం వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లిభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని అది చెప్తుంది. ప్రాథమిక దశ వరకే. ఐదో క్లాసు దాటినాక రాజ్యాంగం చెయ్యి వదిలేస్తుంది. ఆపైన నడిచేదంతా రాష్ట్రాలు కూర్చుని ఒప్పుకున్న ఏర్పాట్ల మీద. ప్రైమరీలో తరగతికి 10 మంది, లేదా బడి మొత్తానికి 40 మంది ఉండాలి. హైస్కూల్లో అయితే చివరి నాలుగు తరగతులకు కలిపి 60 మంది, తరగతికి 15 మంది. బ్యాంకు ఖాతాలో కనీస నిల్వ మాదిరే ఇది. నిల్వ తగ్గితే ఖాతా అప్పుడే మూసెయ్యరు గానీ, మెల్లగా దాన్ని పట్టించుకునేవాళ్ళు ఉండరు. అయ్యవారు రిటైరైతే ఆ పోస్టు ఖాళీగానే ఉంటుంది. మరుసటేడు ‘చెప్పేవాళ్ళు లేరు గదా, ఎందుకు చేరుస్తారు’ అంటారు.

1971లో నన్ను ఆరో క్లాసులో చేర్చడానికి నాయన వచ్చినాడు. ఊళ్ళో ఐదు దాకా తెలుగు బడే. హైస్కూలు మూడు మైళ్ళ దూరం. దరఖాస్తులో తల్లిభాష ఏమి, మొదటి భాషగా ఏది చదువుతాడు అని రెండు గళ్ళు. మొదటి గడిలో నాయన వెంటనే తెలుగు అని రాసేసినాడు. రెండో గడి కాడ కలం ఆపి గుమాస్తా మొగం చూసినాడు. ‘అరవం చదివితే ఉద్యోగానికి మంచిదప్పా’ అన్నాడాయన. ఆయనదీ తెలుగే. నాయన కొంచేపు ఉండి, ‘మా నాయన రాసిన చిట్టా ఆవర్జాలు ఇంట్లో ఉండాయి, వాటిని చదివేవాడొకడు ఉండాల గదా’ అని తెలుగే రాసినాడు. అప్పటికి రాష్ట్రంలో ద్విభాషా విధానం వచ్చి మూడేళ్ళు. పార్ట్ వన్‌లో తమిళం బదులు తల్లిభాష తీసుకోవచ్చు, పార్ట్ టూ ఇంగ్లీషు. అంటే నేను తమిళం చదవకుండానే ఎస్.ఎస్.ఎల్.సి. పూర్తి చెయ్యవచ్చు. చేసినాను కూడా, 1977లో, పదకొండో క్లాసు ఎస్.ఎస్.ఎల్.సి. ఉన్న కాలంలో.

మా తెలుగు సెక్షనులో ఉన్నంత సంబరం ఇంక యాడా చూడలేదు. అయితే ఒక మాట చెప్పాల. అక్కడ మమ్మల్ని నవ్వులపాలు చేసింది తమిళం వాళ్ళు కాదు, తెలుగు అయ్యవారే. ఆయన కోస్తా నుంచి వచ్చినాయన, మంచి పండితుడు. ‘ఎనుము’ అంటే బల్ల మీద కొట్టి ‘గేదె’ అనిపించేవాడు. ‘అంగడి’ అంటే ‘కొట్టు’ అనాల. చింతమాను అంటే, ‘మాను కాదురా, చెట్టు’ అనేవాడు. మాకు చెట్టంటే చిన్నది, మానంటే పెద్దది. ఆ తేడా ఆయనకు ఎక్కలేదు. అన్నిటికన్నా ‘యాల’ అంటే మండిపడేవాడు. ‘యాల రాలేదు సార్’ అని ఎవడన్నా అంటే, ‘అది ఏ భాషరా?’ అనేవాడు.

తొమ్మిదో క్లాసులో పద్యం చెప్తూ ఒకరోజు, ‘ఏల అనగా ఎందుకు’ అని అర్థం రాయించినాడు. నా పక్కన కూర్చునే వాడు, గొర్రెలు కాచే ఇంటి పిల్లోడు, లేచి ‘మేము అనేదీ అదే గద సార్’ అన్నాడు. క్లాసంతా గమ్మునుండిపోయింది. పదాల మొదట ఉండే ‘ఏ’ మన వైపు ‘యా’ అవుతుంది, ఏడ యాడ అయినట్లే, ఏల యాల. పద్యాల్లో ఉండే మాటను మా అవ్వలు ఎనుములు తోలుకుంటా వాడుతున్నారు. అయ్యవారు సుద్దముక్క కింద పెట్టి వాణ్ణి చూసినాడు. కొడతాడనుకున్నాము. కొట్టలేదు. ఆ రోజు నుంచి యాల జోలికి రాలేదు. ఎనుమును మాత్రం కడదాకా గేదే చేసినాడు.

ఇప్పుడు వెనక్కి చూస్తే, ఆ హైస్కూలు మాకు లిపిని ఇచ్చింది, మా మాట మీద సిగ్గు కూడా నేర్పింది. రెండూ ఒకే గదిలో జరిగినాయి. మా అమ్మకు చదువు రాదు. ఒకసారి ఫీజు సంగతికి బడికి వచ్చింది. హెడ్మాస్టరు తమిళంలో అడిగితే ఈమె తెలుగులో జవాబు చెప్పింది. ఆయనకు ఈమె మాట, ఈమెకు ఆయన మాట బాగానే తెలిసె. పని అయిపోయె. బయట నిలబడిన నేనే, అమ్మ ‘ఉండాది’ అన్నప్పుడల్లా తల వంచుకున్నాను. ‘ఉన్నది’ అనాల గదా అని.

బి.కాం. అయినాక బ్యాంకు ఉద్యోగం వచ్చింది. మొదటి బ్రాంచి తిరుచ్చి పక్క. ఒక ముసలాయన తమిళంలో అర్జీ రాసి ఇస్తే చదవలేక ప్యూను చేత చదివించుకున్నాను. ఆ అవమానం నాకు గుర్తుంది. కాబట్టి తమిళనాడులో పుట్టినవాడు తమిళం నేర్చుకోవాల అంటే నేను అడ్డం మాట్లాడను. రాత్రిపూట దీపం పెట్టుకుని ఆరు నెలల్లో నేర్చుకున్నాను. నా తగవు వేరే.

అది ఏమని తెలిసింది 1990లలో, మా వైపు బ్రాంచికి మారినాక. బ్యాంకులో నమూనా సంతకం కార్డులని ఉంటాయి, పాతవి చెదలు పట్టకుండా పెట్టెల్లో దాచేవాళ్ళము. ఒక మధ్యాన్నం ఒక పెట్టె సర్దుతుంటే కనిపించింది. ఒకే ఇంటివాళ్ళ కార్డులు వరసగా ఉంటాయి గదా. తాతది వేలిముద్ర. నాయనది తెలుగు సంతకం, అక్షరాలు గుండ్రంగా, తలకట్లు దిద్ది. కొడుకుది తమిళం. చిన్న కొడుకుది ఇంగ్లీషు. ఇంకో ఇల్లు తీసి చూసినాను, అదే వరస. ఏ హైస్కూల్లో ఏ ఏడు తెలుగు సెక్షను ఆగిందో, కార్డుల మీద ఖాతా తెరిచిన తేదీలు చూసి ఉజ్జాయింపుగా చెప్పెయ్యవచ్చు అనిపించింది. ఈ నలుగురూ కౌంటరు ముందర నిలబడితే మాట్లాడేది మాత్రం ఒకటే తెలుగు.

1996లో మా వాడు ఐదో క్లాసు అయినాడు. జూనుకు ముందర ఒక మాపటేల, హైస్కూలు తెలుగు అయ్యవారు ఇంటికి వచ్చినాడు. మా కాలం ఆయన కాదు, మన తాలూకా పిల్లోడే, మన బడుల్లో చదివి అయ్యవారు అయినవాడు. చేతిలో నోటుపుస్తకం, అందులో పేర్లు. ‘అన్నా, ఆరో క్లాసుకు పద్నాలుగు మంది ఉండారు. ఇప్పుడు గట్టిగా చేరిస్తేనే గదా ఎనిమిదికి పదిహేను మంది మిగిలేది. మీ వాణ్ణి ఇయ్యండి. మీరు ఇస్తే ఇంకో ఇద్దరు ఇస్తారు’ అన్నాడు. లెక్క ఆయన నాకు చెప్పనక్కర లేదు. మధ్యలో మానేసేవాళ్ళను తీసేస్తే ఎంత మిగులుతుందో నాకూ తెలుసు. సిప్కాట్ వచ్చినప్పటి నుంచి హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగమంటే తమిళం, ఇంగ్లీషు. బదిలీల ఉద్యోగం, రేపు యాడికి వేస్తారో తెలీదు అన్నాను. కాఫీ ఇచ్చినాము. ఆయన తాగి, ‘సరే అన్నా’ అని పోయినాడు. మా వాణ్ణి ఇంగ్లీషు మీడియంలో వేసినాను, తమిళం రెండో భాష. నాకు బదిలీ ఆపైన ఐదేళ్ళకు గానీ రాలేదు.

అందుకే 2006 చట్టం గురించి మన వాళ్ళు కోపంగా మాట్లాడితే నేను కొంచెం గమ్మునుంటాను. తమిళం నేర్చుకునే చట్టం అది. 2006-07లో ఒకటో క్లాసుతో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున పైకి వచ్చింది, పార్ట్ వన్ అందరికీ తమిళమే. తెలుగు కావాలంటే వేరేగా చదువుకోవచ్చు. 2016లో ఆ మొదటి జట్టు పదో క్లాసు పరీక్ష దగ్గరికి వచ్చేటప్పటికి, తమిళం చెప్పే అయ్యవార్లే లేని బడుల పిల్లలు ఏం రాయాలో తెలీక, వాళ్ళ తరఫున హైకోర్టుకు పోయినారు. మినహాయింపు వచ్చింది. అట్లా మళ్ళీ మళ్ళీ అడుక్కోవడమే పని అయింది, 2023లో సుప్రీంకోర్టు దాకా పోయి ఇంకో ఏడాదికి తెచ్చుకున్నారు. పరీక్షకు ముందర ఏ భాషలో రాయాలో తెలియని పదిహేనేళ్ళ పిల్లను కన్నవాళ్ళు ఏమని ఓదారుస్తారు? ఆ అన్యాయం నిజమే. కానీ ఆ చట్టం వచ్చే పదేళ్ళకు ముందరే, నా మాదిరి సంతకం పెట్టగల నాయనలు ఎంతమంది ఆ నోటుపుస్తకంలో పేరు రాయించలేదు? ఆ లెక్క కూడా మన చరిత్రలో రాసుకోవాల.

మా వాడు ఇప్పుడు బెంగుళూరులో ఉండాడు. ఇంట్లో ‘యాల’ అనే అంటాడు, సిగ్గులేకుండా. వాణ్ణి యాల అనొద్దని చెప్పిన అయ్యవారు ఎవురూ లేరు గదా. వాళ్ళ తాత ఆశపడిన చిట్టా ఆవర్జాలు మాత్రం చదవలేడు. వాట్లో ఎవరికి ఎన్ని పుట్ల రాగులు ఇచ్చిందీ నేను చదివి చెప్తే ఫోన్లో రికార్డు చేసుకుంటాడు.

నాయన పోయినాక ఆయన ఖాతా మూసే కాగితాలు మా బ్రాంచికే వచ్చినాయి. పాత కార్డు తీసినాము. నీలం సిరాతో పెద్ద తెలుగు అక్షరాలు, చివర ఒక చుక్క. కింద నామినీగా నేను సంతకం చెయ్యాల. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి చేస్తున్న సంతకమే చేసినాను, ఇంగ్లీషులో.