మందు ముందా? విషం ముందా?

కలుపును చంపేదాన్నీ మన రైతు ‘గడ్డి మందు’ అనే అంటాడు. మనిషిని బతికించేదీ మందే. పారాక్వాట్ కథ ఈ రెండు మందుల మధ్య నడిచింది.

ఈ రసాయనాన్ని మొదట తయారుచేసింది 1882లో. అది గడ్డిని చంపుతుందని బ్రిటన్‌లోని ఐ.సి.ఐ. కంపెనీ 1955లో గుర్తించి, 1962లో అమ్మకానికి పెట్టింది. 1966కల్లా దాన్ని మింగి చనిపోయినవారి గురించి వైద్య పత్రికల్లో వచ్చింది. మింగింది కడుపులోకి, చెడింది ఊపిరితిత్తులు! కారణం తర్వాత తేలింది. శరీరానికి అవసరమైన పాలీఅమీన్లను లాక్కునే ఊపిరితిత్తుల కణాలు పారాక్వాట్‌ను కూడా అలాగే లాక్కుంటాయి. ఇక అక్కడ ఆక్సిజనే శత్రువవుతుంది.

మరి ముందే మందిచ్చి కాపాడలేమా? ఎలుకలకు మందు ముందు, విషం తర్వాత ఇచ్చిన ప్రయోగాలు చాలా ఉన్నాయి. కొన్నిటిలో ఊపిరితిత్తులకు దెబ్బ తగ్గింది కూడా. రక్షణశాఖ పద్దులు చూసినవాడిగా నేను మొదట చూసేది వోచరు మీద తేదీ. ఇక్కడా అదే అడగాలి: మందు ఎప్పుడు ఇచ్చారు?

1991 గల్ఫ్ యుద్ధంలో విషవాయువు దాడికి భయపడి అమెరికా సైనికులకు పైరిడోస్టిగ్మైన్ మాత్రలు ముందుగానే ఇచ్చారు. దాడి జరగవచ్చని వాళ్ళకు తెలుసు. గడ్డి మందు తాగేవాడు ముందుగా ఎవరికీ చెప్పడు. డాక్టరు దగ్గరకు వచ్చేసరికి విషం లోపలే ఉంటుంది.

విషం తర్వాత ఇచ్చే మందుల సంగతి? 1986లో ట్రినిడాడ్ వైద్యులు సైక్లోఫాస్ఫమైడ్, డెక్సామెథసోన్‌లతో 72 మందికి చికిత్స చేసి ఆశాజనకమైన ఫలితాలు ప్రకటించారు. ఆ మందు ఇవ్వకుండా పోల్చి చూసిన రోగుల బృందం లేదు. శ్రీలంకలో అలాంటి బృందాన్ని పెట్టి దాదాపు 300 మందిపై జరిపిన పరీక్ష ఫలితం 2018లో వచ్చింది: ప్రాణాలు దక్కడంలో తేడా లేదు.

పనిచేసిన ఉపాయం వేరు. శ్రీలంక 2008-2011 మధ్య దశలవారీగా పారాక్వాట్‌ను నిషేధించింది. దక్షిణ కొరియా 2012లో అమ్మకాలు ఆపేసింది. ఆ తర్వాత అక్కడ పురుగుమందుల ఆత్మహత్యలు బాగా తగ్గాయి. మన కేరళ 2011లోనే నిషేధించింది.

పారాక్వాట్ మింగినవారిని వెంటనే ఆసుపత్రికి చేర్చండి. ఆకు పసర్లతో, మంత్రాలతో ఒక్క నిమిషం కూడా పోగొట్టకండి. ముందుగా చేయగలిగింది సీసా చేతికి అందకుండా చూడడం. ఆ పని ఫరీదాబాద్‌లో, మన పక్కనే ఉన్న పురుగుమందుల రిజిస్ట్రేషన్ కమిటీ ఫైళ్ళలో మొదలవ్వాలి.