గొడ్ల గాడిలో ఏసయ్య

ఇంకో రెండు పుల్లలు ఎయ్యి అబ్బయా, మంట దిగిపోతా ఉండాది. క్రిస్మస్ నెలలో పెన్న మీంచి వచ్చే గాలి ఎముకల్లోకి దూరుద్ది.

ఏసయ్య పుట్టిన కత మీరు ఫోన్లో చూస్తారు. నేను ఇక్కడే చూసినా, మన పాళెంలో, ఆ చింతచెట్టు కింద. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. సోమశిల డ్యాం ఇంకా కట్టలా.

నాటకం ఆడేదెవురనుకున్నావు? పొద్దంతా రెడ్ల కయ్యల్లో నాట్లేసి వచ్చినోళ్ళే. నెల ముందునుంచే రాత్రిళ్ళు లాంతరు కింద కూర్చునేవోళ్ళు. అక్షరమ్ముక్క వచ్చినోళ్ళు ఇద్దరో ముగ్గురో. బోధకుడయ్య ఒక మాట చదివితే, వీళ్ళు పదిసార్లు పలికి నోటికి పట్టేవోళ్ళు. పుస్తకం మన చేతికి రాకముందు కత మన చెవికి, నోటికి వచ్చింది. అది చిన్న సంగతి కాదు.

ఆ కత మనోళ్ళకు ఎట్లొచ్చిందో మా అవ్వ చెప్పేది. నెల్లూరికి 1840లో డే దొర వచ్చి మిషను పెడితే, ఏళ్ళ తరబడి చేరినోళ్ళు చాలా కొద్దిమంది. 1876లో పెద్ద కరువొచ్చింది. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండింది. ఆడ అదే మిషను క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వే పని గుత్తకు పట్టి మనోళ్ళకు కూలి ఇప్పించినాడు. గింజల కోసం మతంలో కలిసినారని అనిపించుకోకూడదని, ఆ పనులు జరిగినన్నాళ్ళూ బాప్తిస్మం ఇయ్యలా. తరవాత 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్క దినానే 2,222 మందికి ఇచ్చినారు. ఆ లెక్క చెప్పేటప్పుడు అవ్వ గొంతు మారిపోయేది.

సరే, నాటకం కాడికొస్తా. పెట్రోమాక్స్ లైటు బుస్సుమంటా ఉంటే, ఇద్దరు దుప్పటి తెర పట్టుకున్నారు. దానెనక గజ్జెల చప్పుడు. తెర తీస్తే హేరోదు! మొహానికి అర్దళం, బుగ్గమీసాలు, నెత్తిన దుర్యోధనుడి కిరీటం. వీధినాటకాలోళ్ళని అడిగి తెచ్చింది. ఆయన దరువుకు అడుగేస్తా, పసిబిడ్డలను చంపమని అరిస్తే నేను అమ్మ కొంగులో దూరినా. గొర్రెల కాపరులకు మాత్రం వేషమే అక్కర్లా. గొంగళ్ళు వాళ్ళయ్యే, కర్రలు వాళ్ళయ్యే.

మరియమ్మ వేషం పదహారేళ్ళ పిల్లోడిది. ఏసయ్య ఎవురో తెలుసా? మా చెల్లెలు! మూడు నెలల బిడ్డ. మన కొట్టంలో గాడి మోసుకొచ్చి, కసువు పరిచి అందులో పడుకోబెట్టినారు. తూర్పు జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం పట్టుకొచ్చేసరికి అది గుక్క పట్టింది. ఆ పిల్లోడు ఎత్తుకున్నా, ఊపినా ఊరుకోలా. మాయమ్మ జనంలోంచి లేచి నేరుగా పోయి, గాడి పక్కన కూర్చుని పాలిచ్చింది. హార్మోనీ ఆగిపోయింది. జ్ఞానులు మోకాళ్ళ మీద అట్నే ఉండిపోయినారు. ఒక్కరూ నవ్వలా. ఎవురో ముసలామె మెల్లగా లాలి ఎత్తుకుంటే, ఆడోళ్ళంతా అందుకున్నారు.

అప్పుడు తల తిప్పి చూసినా. దోవ మీద ఊరోళ్ళు నిలబడి ఉండారు. మామూలప్పుడు మన పాళెం గడప దాకా రానోళ్ళు, ఆ చలిలో కత అయ్యేదాకా కదల్లా.

తరవాత 1978లో కరుణామయుడు సినిమా వచ్చింది. కొన్నేళ్ళకు ఊళ్ళో తెర కట్టి ఆడించినారు. ఏసు వేషం కట్టిన విజయచందర్‌కు మేకులు కొడతా ఉంటే మీ జేజి గుండెలు బాదుకునింది. గొప్ప సినిమా, కాదనను. ఆ పైన మన నాటకాల్లో పెద్దైన ఏసు వేషం కట్టేవోళ్ళందరూ ఆయన మాదిరే మెల్లగా మాట్లాడబట్టినారు. నాకైతే ఆ పాలు తాగిన ఏసయ్యే కళ్ళల్లో ఉండిపోయినాడు.

పండక్కి చెల్లెలొస్తాది, మీరే అడగండి. ఆ గాడా? యాడికి పోతాది! కొట్టంలో ఆ ఎర్రావు మేస్తా ఉండేది అందులోనే.