ఘంటసాల బీటా వెర్షన్

ఫైనల్ రిలీజ్ అయ్యాక పాత బిల్డ్ ఎవడికి కావాలి? మన ఫీల్డులో డిలీట్ కొట్టేస్తాం. పాటల విషయంలో మాత్రం లెక్క వేరండీ.

అమెరికాలో అంకుల్ టుపెలో అని ఒక బ్యాండు ఉండేది. వాళ్ళ జానపదంలాంటి కంట్రీ సంగీతానికి పంక్ రాక్ కలిపి, ‘ఆల్టర్నేటివ్ కంట్రీ’ అనే దారికి పేరు తెచ్చిన కుర్రాళ్ళు. 1989లో ఓ అటక మీది స్టూడియోలో పది పాటల డెమో టేపు చేసుకున్నారు. 1990లో మొదటి ఆల్బం వచ్చింది, 1994లో బ్యాండు విడిపోయింది. ఆ డెమో అధికారికంగా బయటికొచ్చింది మాత్రం 2014లో. అంటే పాతికేళ్ళకి!

మనకీ ఇలాంటి కథ ఒకటుంది. విజయనగరంలో సంగీతం చదివి, క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్ళొచ్చిన ఘంటసాల 1940లలో మద్రాసు చేరారు. ఈ గొంతు మైకుకి పనికిరాదని హెచ్ఎంవీ వాళ్ళు మొదట తిప్పి పంపారని చెబుతారు. తర్వాత అదే కంపెనీలో ఉన్న పేకేటి శివరాం (అవును, నటుడాయనే) పూనుకుని ఆయన చేత ప్రైవేటు పాట రికార్డు చేయించారు. అప్పట్లో 78 ఆర్‌పీఎం లక్క రికార్డులు, పక్కకి మూడు నిమిషాల చిల్లర. ముక్కలు అతికించే ఎడిటింగ్ లేదు, తప్పు పోతే మళ్ళీ మొదట్నుంచీ పాడాల్సిందే.

మన చెవుల్లో ‘పుష్పవిలాపం’, ‘భగవద్గీత’ నిండిపోయాయి కదా, అందుకని ఆ తిప్పి పంపినవాళ్ళని చూసి నవ్వుకుంటాం. కానీ వాళ్ళు విన్న గొంతు ఎలాంటిది? తీర్పు చెప్పాలంటే దానికి దగ్గరి సాక్ష్యం ఆ తొలి రికార్డులే. ఫైనల్ బిల్డ్ చూసి వెర్షన్ హిస్టరీ చెప్పలేం.

మా బడంగ్‌పేట్ వైపు పాత ఇళ్ళు పోయి అపార్టుమెంట్లు లేస్తున్నాయి. అటక దించినప్పుడు నల్లటి రికార్డులు కనిపిస్తే పాతసామాన్ల బండికి వేసెయ్యకండి. కింద పడితే పెంకులైపోతాయి. స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరుగుతుంది. పాత గ్రామఫోను ముల్లు పెట్టకండి, గాడి అరుగుతుంది. లేబుల్‌ని, దాని చుట్టూ చెక్కిన నంబర్లని ఫోటో తీసి, సరైన సూది ఉన్నవాళ్ళ చేత డిజిటైజ్ చేయించండి. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదలైన 60 ఏళ్ళ దాకానే. సాహిత్యం, బాణీల హక్కులు మాత్రం వేరు, నెట్‌లో పెట్టేముందు అవి చూసుకోవాలి.

కోడ్‌కి రోజూ బ్యాకప్ తీసే మనం, తాతగారి అటకకి ఒక్క ఆదివారం ఇవ్వలేమా? ఏమంటారు?